పన్నెండో నంబరు చెయ్యి

గుండె ఆసుపత్రి మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమవైపు, రక్తం తీసే గది. అందులో వెడల్పాటి చేతులున్న చెక్క కుర్చీ ఒకటి, దాని పక్కన మూడు కాళ్ళ స్టూలు ఒకటి. ఆ స్టూలు మీద ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్న మనిషిని అందరూ దోమక్క అంటారు. ఆ పేరు పెట్టింది ఒక పేషెంటు. సూది ఎప్పుడు దిగిందో తెలియక "ఇంకా ఎంతసేపు?" అని ఆయన అడిగేసరికి, ఈవిడ దూది పెట్టి చెయ్యి మడిచేసి, గొట్టాల మీద పేరు కూడా రాసేసిందట. "దోమైనా ఇంతకంటే గట్టిగా కుడుతుంది కదక్కా" అన్నాడట ఆయన. ఆ మాట మెట్లు దిగి క్యాంటీను దాకా పోయింది. మొదట్లో ఆమెకు ఒళ్ళు మండేది. ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి కూడా చూడదు.

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. నరం దొరక్క పై అంతస్తు నర్సులు చేతులెత్తేస్తే దోమక్కకే కబురు వెళ్తుంది. ఆమె వచ్చి, వేలి కొసతో మోచేతి మడతలో రెండుసార్లు నొక్కి, కళ్ళు సగం మూసుకుని, "ఇదిగో, ఇక్కడ దాక్కున్నావా" అని నరంతోనే మాట్లాడుతుంది. ఆ తర్వాత పని క్షణంలో అయిపోతుంది.

ఒక్కటే లోపం. ఆవిడ మనుషుల మొహాలు చూడదు. పొద్దున ఏడు నుంచి మధ్యాహ్నం దాకా అరవై చేతులు ఆ కుర్చీ మీదికి వచ్చిపోతాయి. మోచెయ్యి దగ్గర మొదలైన చూపు అక్కడే ముగుస్తుంది. బజార్లో ఎవరైనా "బాగున్నావా అక్కా" అంటే తెల్లమొహం వేస్తుంది. అదే మనిషి సంచీ అందుకోవడానికి చెయ్యి చాపితే చాలు, "మీరా, మీకు కుడి చేతి నరం జారిపోతుంది, ఎప్పుడైనా ఎడమ చెయ్యే ఇవ్వండి" అని అక్కడికక్కడ జాతకం చెప్పేస్తుంది.

ఇలాంటి ఆవిడకు దొరికిన మొగుడు బడిలో డ్రాయింగు మాస్టారు. మొహాలు గీయడంలో చెయ్యి తిరిగినవాడు. పెళ్ళికి ముందు ఆయన్ని మొదటిసారి చూసి వచ్చాక ఇంట్లోవాళ్ళు "అబ్బాయి ఎలా ఉన్నాడే?" అని అడిగితే, "నరాలు చక్కగా ఉన్నాయి" అందట. ఒకసారి మాస్టారు మీసం తీసేశాడు. ఒకటో రోజు చూశాడు, రెండో రోజు చూశాడు. నాలుగో రోజు పక్కింటావిడ చెబితే గానీ భార్యకు తెలియలేదు. "నా లెక్కలో నువ్వు మనిషివి. నీ లెక్కలో నేను మోచేతినే" అని ఆయన వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు. అలిగిన సంగతి కూడా ఆమె గమనించలేదని వేరే చెప్పాలా.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. పన్నెండో నంబరు బస్సు విషయంలో తనంత అదృష్టవంతురాలు లేదని ఆమెకు గట్టి నమ్మకం. బస్సు బయల్దేరే చోటు వాళ్ళ వీధి చివరే. ఆమె ఏ రోజూ వేళకు ఇల్లు కదిలిన పాపాన పోలేదు. డబ్బా మూత దొరకదు, చెప్పు తెగుతుంది, కళ్ళజోడు నెత్తినే ఉన్నా ఇల్లంతా వెతుకుతుంది. ఆఖరికి పరుగు తీసి పాలబూత్ మూల తిరిగేసరికి బస్సు ఇంకా అక్కడే ఉంటుంది. పదకొండేళ్ళుగా ఇదే తంతు. మాస్టారు "కాస్త ముందు బయల్దేరరాదూ" అంటే, "నా బస్సు నన్ను వదిలి పోదులెండి" అనేది.

అలాంటిది, ఈ మధ్య ఆ అదృష్టం కాస్తా ఆవిరైపోయింది. వరసగా బస్సు తప్పిపోతోంది. మూల తిరిగేసరికి దాని వెనక అద్దం మాత్రం కనిపిస్తోంది. ల్యాబ్ పెద్దాయన హాజరు పట్టీలో ఎర్ర సిరాతో గుర్తులు పెడుతున్నాడు. దోమక్క తిట్టని తిట్టు లేదు.

అది మొదలైన రోజుల్లోనే కుర్చీ మీదికి ఒక కొత్త చెయ్యి వచ్చింది. దాన్ని చూడగానే సూది పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. మోచేతి దాకా ఎండకు కమిలి నల్లగా ఉంది. పైన తెల్లగా ఉంది. మణికట్టు మీద గుండ్రటి పాత కాలిన మచ్చ.

"ఈ చెయ్యి నాకు తెలుసే" అంది.

"తెలియకేం సిస్టరమ్మా. పన్నెండో నంబరు డ్రైవర్ని" అంది గొంతు.

నిజమే. డ్రైవరు వెనక సీటులో కూర్చుంటే అడ్డుగా ఉన్న ఊచల సందులోంచి కనిపించేది ఆ కుడి చెయ్యే. పదకొండేళ్ళుగా కిటికీ మీద ఆనించి ఉన్న ఆ చెయ్యిని చూస్తూనే ఆమె కునుకు తీసేది. గుండెకు వెళ్ళే రక్తనాళం ఒకటి పూడుకుపోయిందని, రేపు స్టెంటు వేస్తారని కాగితంలో ఉంది.

"ఇంజన్లో స్ప్రింగు వేస్తారట" అన్నాడాయన. "ముప్ఫై ఏళ్ళు ఇతరుల ఇంజన్లు తోలాను. నాది ఇప్పుడు షెడ్డుకొచ్చింది."

స్టెంటు వేయించుకున్న వాళ్ళను ఏడాది పాటు కనిపెట్టి చూడటం ఆ ఆసుపత్రిలో పద్ధతి. వేసే ముందు ఒకసారి, మర్నాడు ఒకసారి, నెలకు, మూడు నెలలకు, ఇలా రక్తం తీసి, ఒంట్లో వాపు ఎంతుంది, రక్తం గడ్డకట్టే తీరు ఎలా ఉంది అని చూస్తారు. ఎర్రమూత గొట్టం వాపు లెక్కకు. నీలంమూత గొట్టం గడ్డకట్టే లెక్కకు. నీలంమూతది గీత దాకా నిండి తీరాలి. కాస్త తగ్గినా లెక్క తారుమారవుతుంది. అందుకే దోమక్క ఆ గొట్టాన్ని కళ్ళకెదురుగా ఎత్తి పట్టుకుని, గీతకు చేరేదాకా ఊపిరి బిగబట్టేది.

"ఇన్ని గొట్టాలు దేనికి సిస్టరమ్మా?" అని డ్రైవరు అడిగితే ఆమె విడమరిచి చెప్పింది. "సీఆర్‌పీ అని ఒకటుందన్నయ్యా. ఒంట్లో ఎక్కడ రాజుకున్నా లేచే పొగ అనుకోండి. గుండెలో కొత్త లోహం పెడితే ఒళ్ళు కాస్త అలుగుతుంది, మర్నాడు పొగ లేస్తుంది. నెలకల్లా చల్లారాలి. ఫైబ్రినోజెన్ అంటే రక్తం గడ్డకట్టడానికి కావలసిన దారం. డీ-డైమర్ అంటే ఆ దారం తెగిపోయాక మిగిలిన ముక్కలు. మంట ఉంటే అవీ పెరగొచ్చు. మీ స్ప్రింగు మూసుకుపోకుండా ఇవన్నీ చూస్తూ ఉంటాం."

ఆయన లెక్కలు ఆమె చెప్పినట్టే నడిచాయి. సీఆర్‌పీ ముందు మూడు, మర్నాడు ఇరవై ఒకటి, నెలకు రెండు. నెల పరీక్షకు వచ్చినప్పుడు దోమక్క తన గోడు వెళ్ళబోసుకుంది. "మీ బదులు వచ్చినాయన ఎవరో గానీ అన్నయ్యా, టైముకంటే ముందే లాగించేస్తున్నాడు. మీరున్నప్పుడు నాకు ఒక్కరోజు బస్సు తప్పింది లేదు." ఆయన చొక్కా చెయ్యి ఇంకాస్త పైకి మడుచుకున్నాడు. నవ్వాడో లేదో ఆమెకు తెలియదు. ఆమె నీలంమూత గొట్టం చూస్తోంది.

మూడో నెల పరీక్షలో కథ అడ్డం తిరిగింది. సీఆర్‌పీ పంతొమ్మిది. ఫైబ్రినోజెన్ కూడా పైకి లేచింది.

ల్యాబ్ పెద్దాయన ఆ కాగితం పట్టుకుని స్టూలు దగ్గరికి వచ్చాడు. "అమ్మా, ఆ రోజు గొట్టాలు మారిపోలేదు కదా?" అన్నాడు మెల్లగా. ఆయన మెల్లగా అంటేనే మండుతుంది దోమక్కకి. ఇరవై రెండేళ్ళలో ఆమె చేతి మీదుగా ఒక్క గొట్టం మారలేదు. "ఆయన్ని పిలిపించండి. మీ కళ్ళ ముందే తీస్తాను" అంది. డ్రైవరు వచ్చాడు. పెద్దాయన పక్కనే నిలబడి కళ్ళలో ఒత్తులు వేసుకుని చూశాడు. గంటన్నరకు ఫలితం వచ్చింది. ఇరవై నాలుగు.

"చూశారా" అంది దోమక్క, గెలిచినదానిలా. ఆ మాట నోట్లోంచి వచ్చాక తెలిసింది ఏమన్నదో. తన గొట్టం తప్పు కాదంటే, తప్పు ఆయన ఒంట్లో ఉందన్నమాట. సిగ్గుతో ఆమె తల దించుకుని ఖాళీ గొట్టాల మూతలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

గుండె డాక్టరమ్మ డ్రైవర్ని కూర్చోబెట్టి ఒక్కొక్కటీ అడిగింది. జ్వరం? లేదు. దగ్గు? లేదు. మూత్రంలో మంట? లేదు. దెబ్బలు, పుండ్లు? లేవు. ఎక్కడైనా నొప్పి? "రాయిలా ఉన్నానమ్మా" అన్నాడాయన. గుండె పట్టీ, అదే ఈసీజీ, బాగానే ఉంది. గుండె స్కానూ బాగానే ఉంది. డాక్టరమ్మకు మనసొప్పలేదు. "వచ్చేవారం ఇంకోసారి చూద్దాం. అప్పటికీ తగ్గకపోతే లోపలికి గొట్టం పంపి స్టెంటు చూడాల్సిందే. అప్పటిదాకా బండి తోలడానికి కాగితం ఇవ్వలేను" అంది.

అదీ అసలు చిక్కు. నెలాఖరులోగా ఆ కాగితం డిపోలో ఇవ్వకపోతే, ఆయన్ని బండి మీంచి తీసేసి, పాసులిచ్చే కిటికీ దగ్గర కూర్చోబెడతారు. ఇక రిటైరయ్యేదాకా అక్కడే. నెలాఖరుకు ఇరవై రోజులుంది.

"కిటికీలోంచి చేతులు పెడతారు సిస్టరమ్మా జనం. పాసు ఇచ్చి పంపించాలి. రోజంతా చేతులే" అన్నాడు మెట్ల దగ్గర. "దానికంటే ఇంట్లో పడుకోవడం నయం. నాకు రోడ్డు కావాలి."

రోజంతా చేతులే అన్న మాట దోమక్కకు ఎక్కడో గుచ్చుకుంది. దోమకు సూది గుచ్చుకున్నట్టయింది మరి.

ఇంటికొచ్చి మాస్టారి దగ్గర కూలబడింది. ఆయన పిల్లల బొమ్మలు దిద్దుతున్నాడు. "అన్నీ అడిగారండీ. ఏమీ లేదంటాడు. ఏమీ లేకపోతే ఇరవై నాలుగు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ సీఆర్‌పీతో వచ్చిన చావే ఇది. రాజుకుందని చెబుతుంది గానీ, ఎక్కడ రాజుకుందో చెప్పి చావదు."

"మనిషి మొహం ఎలా ఉంది?" అన్నాడు మాస్టారు.

"మొహం సంగతి నాకేం తెలుసు?"

మాస్టారు పెన్సిలు కింద పెట్టాడు. ఇన్నేళ్ళ కసి ఆ పెట్టడంలో ఉంది. "మూడు నెలల్నుంచి ఆయన రక్తం తాగుతున్నావు, మొహం చూళ్ళేదు. నిజం దాచేవాడు చేతిలో దాస్తాడటే? ఇదిగో విను. మా పిల్లలకు చెప్పేదే నీకూ చెబుతున్నా. మొహంలో ఒక సగం చూడు, తర్వాత రెండో సగం చూడు. రెండూ ఎక్కడ కలవలేదో అక్కడ ఆగు."

వారం తర్వాత డ్రైవరు వచ్చి కుర్చీలో కూర్చుని, అలవాటుగా కుడి చెయ్యి చాపాడు. దోమక్క చెయ్యి పట్టుకుంది గానీ నరం తేలడానికి బిగించే రబ్బరు పట్టీ కట్టలేదు. తల ఎత్తింది. మెడ పట్టేసిన మనిషి తిరిగినట్టు కష్టంగా ఎత్తింది.

మొదట కనిపించింది గడ్డం. నెల రోజుల నెరిసిన గడ్డం. తర్వాత కళ్ళు. మంచి కళ్ళు, దూరం చూసి చూసి చివర్లు ముడతలు పడినవి. ఇన్నాళ్ళూ తనతో మాట్లాడిన గొంతుకు ఇలాంటి మొహం ఉంటుందని ఆమె ఎప్పుడూ ఊహించలేదు. మాస్టారు చెప్పినట్టు కుడి సగం చూసింది, ఎడమ సగం చూసింది. మళ్ళీ కుడి సగం చూసింది.

"ఏంటి సిస్టరమ్మా అలా చూస్తున్నారు?"

"గడ్డం ఎందుకు పెంచారు?"

"ఊరికే. పనిలేనివాడికి గడ్డమే పని."

"నోరు తెరవండి."

"రక్తం తీయడానికి నోరెందుకు?"

"అన్నయ్యా, తెరుస్తారా, డాక్టరమ్మని పిలవమంటారా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. తప్పించుకునే దారి లేదు. నోరు తెరిచాడు, అదీ సగమే. అంతకంటే తెరుచుకోవడం లేదు. ఎడమవైపు కింద చివరి దంతం చుట్టూ చిగురు ఎర్రగా ఉబ్బిపోయి, చీము పట్టి ఉంది. గడ్డం చాటున ఉబ్బిన ఎడమ దవడ గట్టిగా చేతికి తగిలింది. దోమక్క వేలు పెట్టిందో లేదో ఆ రాయిలాంటి మనిషి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎన్నాళ్ళయింది?"

"నెలన్నర."

"నెలన్నర నుంచి ఇది పెట్టుకుని, నొప్పి లేదని చెప్పారా?"

ఆయన జేబులోంచి మడతలు పడి చిరుగులు పట్టిన కాగితం తీశాడు. స్టెంటు వేసి ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి ఇచ్చిందే. అందులో రెండు వాక్యాల కింద గీతలు గీసి ఉన్నాయి. ఛాతీలో గానీ, ఎడమ చేతిలో గానీ, దవడలో గానీ నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి. ఇది ఒకటి. రక్తం పలచబడే మాత్రలు ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ఇది రెండు.

"మరి నేనేం చెయ్యాలమ్మా?" అన్నాడు దీనంగా. "దవడ నొప్పి అంటే గుండె అంటారు, బల్ల ఎక్కిస్తారు, బండి పోతుంది. పోనీ పన్ను పీకించుకుందామంటే, మా కండక్టరు చెప్పాడు, పన్ను పీకాలంటే మాత్రలు ఆపమంటారట. మాత్రలు ఆపితే స్ప్రింగు మూసుకుపోతుందని మీరే చెప్పారు. రెండు మాటలూ తప్పకూడదని నోరు మూసుకున్నాను. ఎడమవైపు నమలడం మానేశాను."

దోమక్కకు ముందు కోపం వచ్చింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. ఆసుపత్రి కాగితాన్ని ఇంత శ్రద్ధగా చదివిన పేషెంటును ఆమె ఇరవై రెండేళ్ళలో చూడలేదు. చదివినందుకే ఇంత పని అయింది. ఆయన కుడి చెయ్యి పట్టుకుని, పాఠం ఎగ్గొట్టినవాణ్ణి హెడ్మాస్టారి దగ్గరికి లాక్కెళ్ళినట్టు పై అంతస్తుకు లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ నోరు చూసింది, కాగితం చూసింది, తల పట్టుకుంది. "మాత్ర ఒక్కపూట కూడా ఆపొద్దు" అంది. "ఆపకుండానే పన్ను తీస్తారు. రక్తం కాస్త ఎక్కువసేపు కారుతుంది, దూది కాస్త ఎక్కువసేపు అదిమి పెడతారు, అంతే. ఈ మాట నన్ను ఒక్కసారి అడిగితే పోయేది కదయ్యా." గుండె పట్టీ మళ్ళీ తీయించింది. బాగానే ఉంది. అప్పటికప్పుడు పళ్ళ డాక్టరుకు చీటీ రాసి, ఫోను కూడా చేసింది. చీముకు మందులు మొదలుపెట్టారు. మూడో రోజు పన్ను తీశారు. అది ఊడి వచ్చాక దాన్ని చూపిస్తే, "ఇదా, ఇంత చేసింది" అన్నాడట డ్రైవరు, నోట్లో దూదితోనే.

నెలాఖరుకు రెండు రోజుల ముందు ఆఖరి రక్తం. దోమక్క గొట్టాలు తనే తీసుకెళ్ళి ల్యాబ్‌లో పెట్టింది. అక్కడే నిలబడింది. "కూర్చోమ్మా, గంట పడుతుంది" అన్నాడు పెద్దాయన. ఆమె కూర్చోలేదు. తన సొంత రక్తం పరీక్షకిచ్చినప్పుడు కూడా అంత భయపడి ఎరగదు. యంత్రం అంకె చూపించగానే పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఆమె వైపు కాగితం తిప్పాడు. నాలుగు. ఫైబ్రినోజెన్ కూడా దిగింది. "నీ గొట్టం మీద అనుమానపడ్డాను. తప్పు నాదేనమ్మా" అన్నాడు. ఆ మాట ఇంకో రోజు అని ఉంటే దోమక్క పండగ చేసుకునేది. ఆ రోజు ఆమెకు సరిగ్గా వినపడనేలేదు. నాలుగు అని అప్పటికే మెట్ల దగ్గర అరుస్తోంది.

డాక్టరమ్మ కాగితం ఇచ్చింది. డ్రైవరు దాన్ని మడతపెట్టకుండా రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం. దోమక్కకు మామూలుగానే ఆలస్యమైంది. డబ్బా మూత దొరికింది గానీ డబ్బా దొరకలేదు. అదుగో ఇదుగో అని పరుగు తీసేసరికి చేతిగడియారం మూడు నిమిషాలు దాటిపోయిందని చెబుతోంది. ఇక పోయిందిలే అనుకుంటూనే పాలబూత్ మూల తిరిగింది.

బస్సు ఉంది. ఇంజను ఆడుతోంది. జనం ఎక్కి కూర్చున్నారు. మెట్ల మీద కండక్టరు ఒక చేత్తో ఊచ పట్టుకుని, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు.

"ఎక్కు తల్లీ, ఎక్కు" అన్నాడు. "నాలుగు నెలలు టైముకి బయల్దేరాం, హాయిగా ఉంది ప్రాణానికి. ఈయన వచ్చాడు, మళ్ళీ మొదలు. పదకొండేళ్ళుగా చెబుతున్నా వినడు. ఆ మూల మీంచి నువ్వు తిరిగింది అద్దంలో కనపడేదాకా గేరు వెయ్యడు."

దోమక్క మెట్టు మీదే ఆగిపోయింది.

"ఎందుకన్నయ్యా?" అంది, ఆయాసపడుతూనే.

"మీరు పరిగెత్తడం రోజూ చూస్తూనే ఉంటాను కదా సిస్టరమ్మా. చూసి కూడా ఎలా పోతాను?" అన్నాడు డ్రైవరు, అద్దంలోకి చూస్తూ.

ఆమె ఊచ పట్టుకుని లోపలికి ఎక్కింది. తన రాత బాగుందని పదకొండేళ్ళు చెప్పుకు తిరిగింది. ఆ రాత నాలుగు నెలల పాటు తన కుర్చీలోకే వచ్చి కూర్చుని, చెయ్యి చాపి, బస్సు తప్పుతోందని తిడుతుంటే విని, ఒక్క మాట కూడా అనలేదు.

డ్రైవరు వెనక సీటు ఎప్పట్లాగే ఖాళీగా ఉంది. దోమక్క అందులో కూర్చోలేదు. ఇంజను పక్కన డ్రైవరుకు ఎదురుగా ఉండే అడ్డసీటులో, కాళ్ళు కాలుతున్నా అక్కడే కూర్చుంది. గడ్డం గీయించుకున్నాడు. రెండు సగాలూ సమంగా ఉన్నాయి. ఆసుపత్రి వచ్చేదాకా ఆమె ఆ మొహమే చూస్తూ కూర్చుంది.